తల్లిపాలు పిండి పట్టడం: హైదరాబాద్ పాతబస్తీ

బిడ్డ రొమ్ము పట్టి తాగలేనప్పుడు గానీ, తల్లీబిడ్డలు విడివిడిగా ఉండవలసి వచ్చినప్పుడు గానీ, తల్లి తన పాలను చేత్తోనో పంపుతోనో తీసి బిడ్డకు తాగించడాన్ని పాలు పిండి పట్టడం అంటారు. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు ఇది ఆహారమే కాదు, రక్షణ కూడా. హైదరాబాద్ పాతబస్తీలో ఈ పద్ధతి పేట్లబుర్జు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి వంటి పెద్ద కాన్పుల ఆసుపత్రులతోనూ, మూసీకి అవతల ఉన్న నిలోఫర్ పిల్లల ఆసుపత్రిలోని తల్లిపాల బ్యాంకుతోనూ, ఇంటి పట్టున పనిచేసుకునే ఆడవాళ్ల జీవితంతోనూ ముడిపడి ఉంది.

ఎవరికి అవసరం

చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడింటినీ జత చేసుకోగల నేర్పు శిశువుకు సుమారు 34 వారాల గర్భం నిండాకే వస్తుంది. అంతకు ముందే పుట్టిన బిడ్డకు పిండిన పాలను ముక్కు లేదా నోటి గుండా వేసిన సన్నని గొట్టంతో అందిస్తారు. గ్రహణమొర్రి ఉన్న పిల్లలకు, కామెర్లతో మత్తుగా పడుకునే పిల్లలకు, బరువు బాగా తక్కువగా పుట్టినవారికి కూడా కొన్నాళ్లు పిండిన పాలే ఆధారం.

తల్లి వైపు నుంచీ కారణాలుంటాయి. పాలు నిండి రొమ్ము రాయిలా గట్టిపడితే బిడ్డ నోటికి పట్టు చిక్కదు. కొంచెం పిండితే మెత్తబడి, బిడ్డ తాగగలుగుతుంది. తల్లి ఐసీయూలో ఉన్నా, పనికి వెళ్లవలసి వచ్చినా పాలు తగ్గిపోకుండా కాపాడేది పిండడమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. వాటిలో సిజేరియన్లే ఎక్కువ. అయినా పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుకున్న పిల్లలు సుమారు 37 శాతమే. ఆపరేషన్ తర్వాత తల్లి లేచి కూర్చోలేని ఆ మొదటి గంటల్లో నర్సు సాయంతో నాలుగు చుక్కల ముర్రుపాలు పిండి పట్టగలిగితే ఈ లోటు చాలావరకు తీరుతుంది.

ఆసుపత్రుల నేపథ్యం

పాతబస్తీలో ఆడవాళ్ల కోసం ప్రత్యేక ఆసుపత్రి ఆలోచన నిజాం కాలం నాటిది. మూసీ ఒడ్డున విక్టోరియా జనానా ఆసుపత్రికి 1906లో వేల్స్ యువరాణి, అంటే తర్వాతి కాలపు క్వీన్ మేరీ, శంకుస్థాపన చేసింది. పర్దా పాటించే స్త్రీలు మగవారి కంట పడకుండా వైద్యం పొందాలన్నది దాని ఉద్దేశం. పాలు పిండే తల్లికి నేటికీ అదే కావాలి: ఒక తెర, ఒక కుర్చీ, ఎవరూ తొంగిచూడని పది అడుగుల చోటు.

నిలోఫర్ ఆసుపత్రి 1953లో మొదలైంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండో కుమారుడు మొఅజ్జం జా భార్య నిలోఫర్ యువరాణి పేరు దానికి పెట్టారు. తనకు ప్రియమైన పరిచారిక కాన్పులో చనిపోవడం ఆమెను కలచివేసిందనీ, తల్లులకూ పిల్లలకూ మంచి ఆసుపత్రి కావాలన్న ఆమె పట్టుదలే దీనికి మూలమనీ చెబుతారు. జబ్బుపడ్డ నవజాత శిశువులను నగరం నలుమూలల నుంచే కాక జిల్లాల నుంచి కూడా ఇక్కడికి తెస్తారు. కాన్పు ఒకచోట, బిడ్డకు చికిత్స ఇంకోచోట జరిగినప్పుడు తల్లికీ బిడ్డకూ మధ్య మిగిలే బంధం పిండి పంపిన పాలే.

పాలు ఊరే తీరు

బిడ్డ చప్పరించినా, చేత్తో పిండినా తల్లి మెదడుకు ఒకే కబురు అందుతుంది. ప్రొలాక్టిన్ పాలను తయారు చేయిస్తుంది, ఆక్సిటోసిన్ పాలను చేపుకు తెస్తుంది. భయం, నొప్పి, సిగ్గు చేపును అడ్డుకుంటాయి. బిడ్డ వాసన, స్పర్శ, తల్లి దగ్గర ఉంచిన బిడ్డ బట్ట కూడా దాన్ని తెప్పిస్తాయి. రొమ్ములో పాలు నిలవ ఉండిపోతే తయారీ తగ్గుతుంది, ఖాళీ చేస్తే పెరుగుతుంది. తోడిన కొద్దీ ఊరే చెలమ లాంటిదే ఇది. అందుకే బిడ్డ తాగలేని స్థితిలో ఉంటే పుట్టిన కొద్ది గంటల్లోనే పిండడం మొదలుపెట్టి, రోజుకు కనీసం 8 సార్లు, రాత్రి పూట ఒకసారైనా లేచి పిండాలని వైద్యులు చెబుతారు.

తొలి రెండు మూడు రోజుల్లో వచ్చే ముర్రుపాలు చిక్కగా, పసుపుగా, చెంచాడో అర చెంచాడో ఉంటాయి. గిన్నె నిండలేదని తల్లి దిగులు పడకూడదు. పసిబిడ్డ కడుపుకు మొదట్లో అంతే చాలు. రోగనిరోధక పదార్థాలు ముర్రుపాలలోనే దట్టంగా ఉంటాయి. నెలలు నిండక ముందే కన్న తల్లి పాలలో మొదటి వారాల్లో మాంసకృత్తులు ఎక్కువగా ఉండి, ఆ బిడ్డ అవసరానికి తగ్గట్టే ఉంటాయి. పేగులు కుళ్లే ప్రాణాంతక జబ్బు నుంచి నెలతక్కువ పిల్లలను కాపాడటంలో డబ్బా పాలు వీటికి సాటి రావు.

చేత్తో పిండే పద్ధతి

దీనికి ఖర్చు లేదు, కరెంటు అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నేర్పే పద్ధతి ఇది. సబ్బుతో చేతులు కడుక్కుని, వెడల్పు మూతి ఉన్న శుభ్రమైన గిన్నె దగ్గర పెట్టుకుని, ఒళ్లు వదులుగా ఉంచి కూర్చోవాలి. గోరువెచ్చని తడిగుడ్డతో కాపి, వేళ్లతో మెల్లగా నిమిరితే చేపు త్వరగా వస్తుంది. బొటనవేలు రొమ్ము పైభాగాన, చూపుడువేలు కిందిభాగాన, చనుమొన కొస నుంచి సుమారు 4 సెంటీమీటర్ల వెనుక ఉంచాలి. ముందు రెండు వేళ్లతో ఛాతీ వైపు కొంచెం నొక్కి, తర్వాత వేళ్లను దగ్గరికి తెచ్చి వదలాలి. నొక్కడం, వదలడం ఒకే లయలో సాగాలి. మొదట్లో ఏమీ రాకపోవచ్చు. కాసేపటికి చుక్కలు, ఆపైన ధారలు వస్తాయి.

చనుమొనను పట్టి లాగకూడదు, చర్మం మీద వేళ్లు రుద్దకూడదు. సరిగ్గా పిండితే నొప్పి ఉండదు. వేళ్లను చుట్టూ జరుపుతూ అన్ని వైపుల నుంచీ పిండాలి. ఒక్కో రొమ్మును 3 నుంచి 5 నిమిషాలు, ధార తగ్గేదాకా పిండి, రెండోదానికి మారి, మళ్లీ మొదటిదానికి రావాలి. మొత్తానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. రొమ్ము ఒకచోట ఎర్రబడి, జ్వరం వస్తే పిండడం ఆపకుండానే డాక్టరుకు చూపించుకోవాలి.

చేతి పంపులు, కరెంటు పంపులు మందుల దుకాణాల్లో దొరుకుతాయి. రబ్బరు బుడ్డి ఉన్న హారన్ లాంటి పంపును శుభ్రం చేయడం కష్టం కాబట్టి దాన్ని వాడకపోవడమే మంచిది. పంపు ఏదైనా, పాలు తగిలే భాగాలన్నిటినీ ప్రతిసారీ సబ్బుతో కడగాలి, మరీ పసిపిల్లల విషయంలో మరిగించి వాడాలి. తొలిరోజుల ముర్రుపాలకు మాత్రం చేయే మేలు. ఆ కొద్ది చుక్కలు పంపు గోడలకే అంటుకుపోతాయి.

నిల్వ, తాగించడం

25 డిగ్రీల సెల్సియస్ దాటని గదిలో పిండిన పాలు 4 గంటలు నిలుస్తాయి. హైదరాబాద్ వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఇరుకు గల్లీల్లోని రేకుల ఇళ్లలో వేడి ఇంకా ఎక్కువ. అలాంటి రోజుల్లో వెంటనే తాగించాలి, లేదా ఫ్రిజ్‌లో, ఐసు పెట్టిన డబ్బాలో ఉంచాలి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకైతే ఫ్రిజ్‌లో 4 రోజుల వరకు, ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల వద్ద 6 నెలల వరకు వాడవచ్చు. ఆసుపత్రిలో ఉన్న పిల్లలకు వార్డు నర్సు చెప్పిన గడువే పాటించాలి. ఫ్రిజ్ తలుపు అరలో కాక, లోపలి మూలన పెట్టాలి. డబ్బా మీద తేదీ, సమయం రాయాలి. కరిగిన పాలను మళ్లీ గడ్డకట్టించకూడదు, 24 గంటల్లో వాడేయాలి.

పాలను పొయ్యి మీద కాచకూడదు, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ఉంచితే చాలు. పైన తేలిన మీగడ పాడైందనడానికి గుర్తు కాదు, మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. తాగించడానికి సీసా, పాలపీక వద్దు. మన ఇళ్లలోని ముక్కు ఉన్న ఉగ్గుగిన్నె, లేదా చిన్న కప్పు మేలు. బిడ్డను నిటారుగా ఒళ్లో పట్టుకుని, గిన్నె అంచు కింది పెదవికి ఆనించి, బిడ్డ నాలుకతో అందుకునేలా చేయాలి, నోట్లో ఒంపకూడదు. ఒకసారి ఎంగిలి అయిన పాలను 2 గంటల్లో తాగించాలి, లేకుంటే పారబోయాలి.

పాల బ్యాంకు, రజాఅత్

ఆసియాలో తొలి తల్లిపాల బ్యాంకును 1989లో ముంబయిలోని సయన్ ఆసుపత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ నెలకొల్పారు. నిలోఫర్‌లో ధాత్రి తల్లిపాల బ్యాంకు 2017లో మొదలైంది. దీని వెనుక డాక్టర్ సంతోష్ కుమార్ క్రాలేటి, ఆయన సుషేణ హెల్త్ ఫౌండేషన్ ఉన్నారు. దాతలకు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ పరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడి చేసి, సూక్ష్మజీవుల పరీక్ష తర్వాతే బిడ్డలకు ఇవ్వడం తల్లిపాల బ్యాంకుల పద్ధతి. 2017లోనే కేంద్రం జారీచేసిన మార్గదర్శకాలు ఇలాంటి కేంద్రాలను తల్లికి పాలిచ్చే నేర్పు చెప్పే చోట్లుగా కూడా చూశాయి. తల్లిపాలను శుద్ధిచేసి వ్యాపారంగా అమ్మడం చెల్లదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2024లో స్పష్టం చేసింది.

పాతబస్తీలో ముస్లిం కుటుంబాలు ఎక్కువ. ఇస్లాం ధర్మశాస్త్రం ప్రకారం ఒకే స్త్రీ పాలు తాగిన పిల్లలు తోబుట్టువులవుతారు, వారి మధ్య పెళ్లి కూడదు. ఈ బంధాన్ని రజాఅత్ అంటారు. నగరంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ సంప్రదాయంలో కొద్దిపాటి పాలకే ఈ బంధం ఏర్పడుతుంది. బార్కస్‌లోని హద్రమీ మూలాల కుటుంబాలు పాటించే షాఫియీ సంప్రదాయం అయిదుసార్లు తాగాలంటుంది. పలువురి పాలు కలిపిన డబ్బాలో దాత ఎవరో తెలియదు కనుక 1985లో జెద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ పాల బ్యాంకులు వద్దంది. ఈజిప్టు పండితుడు యూసుఫ్ అల్ ఖర్దావీ అవసరం దృష్ట్యా సమ్మతించారు. ఈ సందేహాన్ని వైద్య సిబ్బంది గౌరవంగా వినాలి. కన్నతల్లి పాలకు ఈ చర్చే లేదు. ఆమెకు పిండడం నేర్పితే చాలా కుటుంబాలకు ఈ చిక్కు ఎదురే కాదు.

అపోహలు, హక్కులు

ముర్రుపాలు మురికివని పారబోయడం, పుట్టగానే తేనె నాకించడం, ఘుట్టీ అనే మూలికల రసం పట్టడం ఇంకా కనిపిస్తాయి. ఏడాది లోపు పిల్లలకు తేనె వల్ల బొట్యులిజం అనే విషప్రమాదం ఉంది. పాలు పిండితే బలం పోతుందన్నది, పాలు తగ్గిపోతాయన్నది నిజం కాదు.

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇచ్చింది. 2017 సవరణ సెలవును 26 వారాలకు పెంచి, కనీసం 50 మంది పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలంది. డబ్బా పాల ప్రకటనలను, ఉచిత నమూనాలను 1992 చట్టం నిషేధించింది. లాడ్‌బజార్ లక్క గాజులు చేసే తల్లికి, ఇంట్లో జర్దోసీ కుట్టే తల్లికి ఈ సెలవు చట్టం అందదు. వారికి అండ ఇంటివాళ్లే, వీధి చివరి బస్తీ దవాఖానా, ఆశా కార్యకర్తే.

పాలు పిండే బాలింతకు అత్తగారు వంటపని తప్పించాలి, భర్త పాలడబ్బాను ఆసుపత్రికి చేర్చాలి, నర్సు పక్కన కూర్చుని వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపాలి. ఈ మూడూ జరిగిన ఇంట్లో తల్లికి తన పాలు చాలవేమోనన్న భయం ఉండదు.