గుమ్మం ముందు మంచు ఎవరిది?

మంచు కురిసే చాలా నగరాల్లో ఒక పంపకం నడుస్తోంది. రోడ్డు మీద పడిన మంచు నగరపాలక సంస్థది. ఆ పక్కనే కాలిబాట మీద పడిన మంచు మాత్రం దాన్ని ఆనుకున్న ఇంటివాళ్ళది. రెండూ ప్రజల దారులే అయినా బండ్ల దారిని ఊరు చూసుకుంటుంది, మనుషుల దారిని ఎవరికి వాళ్ళు చూసుకోవాలి. కాలిబాటను ఊరు వదిలేయడం అన్యాయమని నా నమ్మకం. అందుకే ఈ పంపకం ఎక్కడ మొదలైందో చెప్పుకోవాలి.

వాకిలి శుభ్రం ఇంటివాళ్ళ పని అనే చట్టం పాతదే. జర్మనీలో స్టుట్‌గార్ట్ పట్టణం 1492లోనే ఇంటి ముందు పేరుకున్న పెంటను వారానికోసారి ఎత్తిపోయాలని జనాన్ని ఆదేశించింది. ఆ ఊళ్ళో అద్దె ఇళ్ళవాళ్ళు వంతులవారీగా మెట్లూ వాకిలీ ఊడ్చే ఆచారానికి మూలం అదే. చలికాలం వస్తే ఊడవాల్సినదానిలో మంచూ చేరుతుంది.

అమెరికాలో ఈ సంగతి కోర్టుకెక్కింది. ఎవరి ఇంటి ముందు మంచు వాళ్ళే తీయాలని బోస్టన్ నగరం నిబంధన పెట్టింది. తీయనివాళ్ళకు జరిమానా. గొడార్డ్ అనే నివాసి అది అన్యాయమైన పన్ను అంటూ ఎదురుతిరిగాడు. 1835లో మసాచుసెట్స్ ప్రధాన న్యాయమూర్తి లెమ్యుయెల్ షా నగరం పక్షాన తీర్పు చెప్పాడు. ఇది పన్ను కాదు, పౌరుడి విధి అన్నాడు. అతని వాదన ఇది: ఇంటి ముందు కాలిబాట వల్ల ఆ ఇంటివాడికి అందరికంటే ఎక్కువ ప్రయోజనం ఉంది. పైగా ఎవరి ముక్క వాళ్ళు తీస్తే ఊరంతా ఒక్క పూటలో శుభ్రమవుతుంది.

సరిగ్గా ఇలాంటి నిబంధనే 1878లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. బ్లూమింగ్టన్ నగరం పెట్టిన ఆ నిబంధనను కోర్టు కొట్టేసింది. కాలిబాట వీధిలో భాగమే, వీధి ప్రజలందరిదీ, కాబట్టి ఆ పని భారాన్ని పక్కనున్న ఒక్కడి నెత్తిన రుద్దకూడదంది. నాకు ఈ మాటే సబబనిపిస్తుంది. కానీ అమెరికన్ నగరాల్లో ఎక్కువ భాగం షా చూపిన దారినే పోయాయి.

ఈలోగా రోడ్ల కథ వేరే మలుపు తిరిగింది. గుర్రాలు స్లెడ్జి బండ్లు లాగిన కాలంలో అణగదొక్కిన మంచే మంచి రోడ్డు, దాన్ని తీయాలని ఎవరూ కోరుకోలేదు. 1862లో మిల్వాకీ గుర్రాలతో మంచు నాగలిని నడిపింది, మిగతా ఊళ్ళూ అందుకున్నాయి. నాగలి రోడ్డును శుభ్రం చేసి ఆ మంచునంతా పక్కలకు, అంటే కాలిబాటల మీదికి, గుట్టలుగా తోసేది. దుకాణాలవాళ్ళు మొత్తుకున్నారు. కాలిబాట కష్టాన్ని పెంచింది రోడ్డు శుభ్రతేనన్నది గుర్తుంచుకోవాల్సిన విషయం. 1888 మార్చి తుపానుకు న్యూయార్క్ స్తంభించిపోయి, నగరంలోనే సుమారు రెండు వందల మంది చనిపోయారు. రోడ్ల మీది మంచుకు ముందే సిద్ధంగా ఉండటం నగరం బాధ్యతేనన్న ఆలోచన ఆ తర్వాత బలపడింది. కాలిబాట మాత్రం ఇంటివాళ్ళకే మిగిలింది. ఇవాళ్టికీ న్యూయార్క్‌లో పగలు మంచు ఆగిన నాలుగు గంటల్లో యజమాని దారి చేయాలి. బోస్టన్‌లో గడువు మూడు గంటలే, దారి వెడల్పు కనీసం 42 అంగుళాలు ఉండాలి.

పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గేసుకునే ఇళ్ళ నుంచి వెళ్ళి న్యూజెర్సీలోనో మినియాపొలిస్‌లోనో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళకు ఈ విధి కొత్తగా తోచకపోవచ్చు. ఒంట్లో శక్తి ఉన్నంతకాలం పార పట్టుకోవడం కష్టమేమీ కాదు. నడుము పట్టేసిన ముసలివాళ్ళున్న ఇల్లు, యజమాని వేరే ఊళ్ళో ఉన్న ఇల్లు వీధికొకటి ఉన్నా చాలు, దారి అక్కడ తెగిపోతుంది. చక్రాల కుర్చీలో వచ్చే మనిషికి తొంభై తొమ్మిది ఇళ్ళు శుభ్రంగా ఉండి నూరో ఇల్లు మూసుకుపోయినా ఒకటే. ఇంటింటికీ ముక్కలు చేసి పంచిన దారికి ఈ బలహీనత తప్పదు. షా తీర్పులో నాకు కనిపించే లోటు ఇదే.

కెనడాలో మాంట్రియల్ నగరం కాలిబాటల మంచును చిన్న యంత్రాలతో తానే తీస్తుంది. టొరంటోది ఎదిగిన నగరం చిక్కు. 1998లో చుట్టుపక్కల మునిసిపాలిటీలు అందులో కలిశాయి. స్కార్‌బరో లాంటి శివార్లలో కాలిబాటల్ని యంత్రాలు శుభ్రం చేసేవి. పాత నగరంలో ఇరుకు కాలిబాటలు, స్తంభాలు, చెట్లు, రోడ్డు పక్కన ఆగిన కార్లు. అక్కడ ఇంటివాళ్ళే పన్నెండు గంటల్లో తీయాల్సి ఉండేది. నగరం ఒక్కటే, కాలిబాటకు మాత్రం రెండు న్యాయాలు. ఇరవై ఏళ్ళకు పైగా అలాగే నడిచాక, 2021లో కౌన్సిల్ చిన్న యంత్రాలు తెప్పించి పాత నగరాన్నీ ఆ సేవలో కలిపింది.

స్వీడన్‌లోని కార్ల్‌స్కోగా పట్టణం వేరే ప్రశ్న వేసుకుంది: ముందు ఏ దారి? పెద్ద రోడ్లు ముందు, కాలిబాటలు చివర అన్న వరసను 2011 తర్వాత తిరగేసింది. కారణం, పిల్లల్ని బడికి దింపుతూ, బస్సెక్కుతూ కాలినడకన తిరిగేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. మంచులో కారు నడపడం కంటే పిల్లల బండి తోయడం కష్టం. యంత్రాలు అవే, పని అంతే, మారింది వరస.

ఊరు పెరిగేకొద్దీ పార్కుల వెంట, పాత రైలుమార్గాల వెంట ట్రెయిళ్ళు, అంటే నడక, సైకిల్ దారులు వచ్చాయి. వాటి పక్కన భారం మోపడానికి ఇంటి యజమాని లేడు, కాబట్టి నగరమే పూనుకోవాల్సి వచ్చింది. మినియాపొలిస్‌లో పాత రైలు కందకంలో వేసిన మిడ్‌టౌన్ గ్రీన్‌వే మంచును నగరమే తీస్తుంది. ఫిన్లాండ్‌లో ఔలు నగరం సైకిల్ దారుల్ని చలికాలమంతా నడిచేలా ఉంచుతుంది. ఇల్లినాయ్ కోర్టు 1878లో చెప్పినట్టు, అందరిదీ అయిన దారిని అందరి సొమ్ముతో బాగుచేయడం ఇక్కడ ఎవరికీ వింతగా లేదు.

ఆ గ్రీన్‌వే నుంచి పైకెక్కి వీధిలోకి వస్తే మాత్రం లెక్క మళ్ళీ మారుతుంది. మామూలు ఇళ్ళ యజమానులకు మంచు ఆగాక 24 గంటల గడువు, దుకాణాలకు పగటిపూట నాలుగు గంటలు. మూల స్థలంవాళ్ళకు పని ఇంకాస్త ఎక్కువ: కాలిబాట కొస నుంచి రోడ్డంచు కాలువ దాకా దారి తెరిచి ఉంచాల్సింది వాళ్ళే.