యౌవనములో మనోవ్యాధి

పదునెనిమిది, ఇరువది యేండ్ల వరకు చలాకీగా తిరిగిన బిడ్డ క్రమముగా స్నేహితులకు దూరమగును. చదువు కుంటుపడును. స్నానము, భోజనము, నిద్ర వేళ తప్పును. ఎదుట ఎవరును లేకున్నను, ఎవరో తన్ను నిందించుచున్న మాటలు వినబడుచున్నవని చెప్పును. అట్టి వేళ ‘గాలి సోకినది’ అని కొందరు, ‘పొగరు’ అని కొందరు, ‘పెండ్లి చేసిన అదే కుదురును’ అని కొందరు తీర్మానింతురు. పెండ్లి అయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెండ్లి కాదు అను మన సామెత ఈ చిక్కు ఎంత పాతదో తెలుపుచున్నది. ఈ తర్జనభర్జనలలో నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు గడచిపోవును. ఆ పోయిన కాలము విలువ ఎంతటిదో వైద్యశాస్త్రమునకు తెలిసివచ్చుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

1871లో జర్మనీ వైద్యుడు ఎవాల్డ్ హెకర్ యౌవనారంభమున పొడసూపు చిత్తవికలతను వేరు వ్యాధిగా వర్ణించి, గ్రీకుల యౌవనదేవత హీబీ పేరు మీదుగా దానిని ‘హెబిఫ్రీనియా’ అనెను. తరువాత ఎమిల్ క్రేపెలిన్, 1899లో వెలువడిన తన గ్రంథము ఆరవ కూర్పున, ఇట్టి వ్యాధులను ఒక్కచోట చేర్చి ‘డెమెన్షియా ప్రీకాక్స్’ అను పేరు క్రింద వివరించెను. చిన్న వయసుననే వచ్చు బుద్ధిక్షయము అని దాని భావము. రోగులలో కొందరు కోలుకొనుటను ఆయనయే గమనించెను. అయినను ఆ పేరులోనే తీర్పు ఇమిడియుండెను. అది విన్న తల్లిదండ్రులకు ఇక ఆశ యెక్కడిది?

1908 ఏప్రిల్‌లో బెర్లిన్ సభలో జ్యూరిచ్ వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ ఆ పేరు తగదనెను. వ్యాధి ఎల్లప్పుడును చిన్న వయసుననే రాదు. ఎల్లప్పుడును బుద్ధిక్షయముతో ముగియదు. ఆలోచన, అనుభూతి, నడవడి అను వాని నడుమ నుండవలసిన పొందిక సడలుటయే దీని స్వభావమని చెప్పి, ‘స్కిజోఫ్రీనియా’ అను పేరు పెట్టెను. ఒక దేహమున ఇద్దరు మనుష్యులుందురని దీని అర్థము కాదు. ఆ అపోహ నేటికిని పోలేదు.

పేరు మారినను చికిత్స వెంటనే రాలేదు. మన దేశమున 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అను వైద్యులు సర్పగంధి వేరు రక్తపు పోటునకును, ఉన్మాదమునకును పనిచేయునని ప్రకటించిరి. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రిసర్పిన్ అను సారమును వేరుచేసిరి. ఆ యేటనే పారిస్‌లో జాన్ డిలే, పియర్ డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అను మందు నిచ్చి, రోగుల కలవరము, భ్రాంతులు తగ్గుట చూచిరి. దుష్ఫలితముల వలన రిసర్పిన్ వాడుక తరువాత తగ్గెను. క్లోర్‌ప్రోమజీన్ చూపిన త్రోవనే నేటి మందులు పెక్కు వచ్చెను.

మందు చాలదను పాఠమును మన దేశమే నేర్పెను. 1950ల దశాబ్దమున అమృతసర్ మానసిక వైద్యశాలలో డాక్టరు విద్యాసాగర్ రోగుల బంధువులను వాకిటనుండి పంపివేయలేదు. ఆవరణలో గుడారములు వేయించి, రోగితో కలిసి అక్కడనే ఉండనిచ్చెను. వ్యాధి యెట్టిదో, రోగితో ఎట్లు మెలగవలెనో ఇంటివారు అక్కడనే నేర్చుకొనిరి. దిక్కుతోచని కుటుంబమే సేవకు సిద్ధమయ్యెను. రోగులు త్వరగా ఇల్లు చేరగలిగిరి.

1992లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున పాట్రిక్ మెక్‌గోరీ నాయకత్వమున, తొలిసారి ఈ వ్యాధికి లోనైన యువజనుల కొరకు ప్రత్యేక చికిత్సా కేంద్రము నెలకొనెను. తొలి లక్షణమునకును, చికిత్సకును నడుమ ఆలస్యము పెరిగిన కొలది కోలుకొనుట కష్టతరమగునని పెక్కు దేశముల పరిశోధనలు తెలుపుచున్నవి.

కావున ఇంటివారు మొదట గ్రహింపవలసినది, ఆ మాటలు బిడ్డకు నిజముగనే వినబడుచున్నవని. ‘అంతయు నటన’ అని గద్దింపరాదు. అట్లని అవి సత్యమని ఒప్పుకొననక్కరలేదు. ‘భయముగా ఉన్నదా? నిద్ర పట్టుచున్నదా?’ అని మెల్లగా అడుగవలెను. లేని మాట వినబడినంతనే స్కిజోఫ్రీనియా అని నిర్ణయింపరాదు. తీవ్రజ్వరము, మూర్ఛవ్యాధి, నిద్రలేమి, గంజాయి కూడ అట్టి భ్రాంతులు కలిగింపవచ్చును. వైద్యుడు పరీక్షించియే తేల్చవలెను. చచ్చిపోదునని అన్నను, హాని చేయుమని ఆ స్వరములు ఆజ్ఞాపించుచున్నవని చెప్పినను, ఒంటరిగా విడువక ఆ క్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. నయమైనదని వైద్యుని అడుగక మందు మానరాదు.

విశాఖపట్టణమునను, హైదరాబాదు ఎర్రగడ్డలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు. 2017 నాటి చట్టము మానసిక చికిత్స పొందుట ప్రతివాని హక్కుగా చేసెను. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి మానస్ వారికి 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును. ఇంటివారు ఇష్టదైవమునకు మ్రొక్కుకొన్నను తప్పులేదు. ఆ మ్రొక్కు తీరువరకు వైద్యుని యొద్దకు పోవుట మాత్రము ఆపరాదు.