తెర వెనుక వంశవృక్షం: డెస్క్‌టాప్‌లో తల్లి, పిల్ల అంశాల అన్వేషణ

ఈ పాఠంలో మీరు చదవబోయేది ఒక చిన్న ప్రశ్నకు సంబంధించిన చరిత్ర. తెర మీద కనిపించే ఒక బటన్ ఎవరి బిడ్డ? దాన్ని వెతికి పట్టుకోవడం ఎలా? చూపున్నవారికి ఈ ప్రశ్న ఎదురు కాదు. మౌస్ పెట్టి నొక్కుతారు, పని అయిపోతుంది. తెరను చెవితో చదివేవారికి మాత్రం ఈ ప్రశ్నకు జవాబు దొరికితేనే కంప్యూటర్ ఉన్నట్టు.

ముందుగా విషయం అర్థం చేసుకుందాం. డెస్క్‌టాప్ మీద కాలిక్యులేటర్ తెరిచారనుకోండి. డెస్క్‌టాప్ అన్నిటికీ మూలం. దాని పిల్లల్లో కాలిక్యులేటర్ విండో ఒకటి. ఆ విండోకు పిల్లగా అంకెల గుంపు, ఆ గుంపుకు పిల్లలుగా ఒక్కొక్క అంకె బటనూ ఉంటాయి. ఇదంతా ఒక వంశవృక్షం. ఇందులో వెతకడానికి రెండు దారులున్నాయి. మన ఊళ్ళలో కొత్త కుర్రాడు కనబడితే పెద్దవాళ్ళు "ఎవరి తాలూకు బాబూ?" అని అడుగుతారు. అది పిల్ల నుంచి తల్లి వైపు పైకి వెళ్ళే దారి. ప్రతివారికీ తల్లి ఒక్కరే కాబట్టి జవాబు వెంటనే వస్తుంది. "ఈ ఊళ్ళో వెంకటేశ్వర్లు ఎవరండీ?" అని వాకబు చేయడం కిందికి దిగే దారి. ఎన్ని గడపలు ఎక్కాలో, ఎంతమంది వెంకటేశ్వర్లు దొరుకుతారో ముందుగా చెప్పలేం. ఈ తేడాను గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

వృక్షం లేని రోజులు

1980లలో డాస్ యంత్రాల తెర మామూలుగా 25 వరుసలు, 80 నిలువు గడులు. ఏ గడిలో ఏ అక్షరం ఉందో వీడియో మెమరీలో నేరుగా ఉండేది. దాన్ని తీసి పలికిస్తే చాలు, అంధులు కంప్యూటర్ మీద పని చేసుకోగలిగేవారు. కారు ప్రమాదంలో చూపు కోల్పోయిన అమెరికన్ టెడ్ హెంటర్ 1989లో విడుదల చేసిన జాస్ అలాంటిదే. ఆ పేరులోని మొదటి అక్షరం ఉద్యోగాన్ని సూచిస్తుంది. అది కాకతాళీయం కాదు. ఆ పనిముట్టు కోరినవారికి కావలసింది జీతం వచ్చే పని.

ఇంతలో బొమ్మల తెర వచ్చింది. 1984లో మెకింటాష్, 1990లో విండోస్ 3.0. తెర మీద ఇక అక్షరాలు లేవు, చుక్కలే ఉన్నాయి. "సేవ్" అనే మాట కూడా చుక్కల బొమ్మే. నిన్నటిదాకా ఆఫీసులో పని చేసుకుంటున్న అంధ ఉద్యోగికి కొత్త యంత్రం బల్ల మీదికి రాగానే చేతులు కట్టేసినట్టయింది. సాంకేతిక ప్రగతి అనే మాటను మనం తేలిగ్గా వాడతాం. ఆ ప్రగతి కొందరిని ఉన్నచోటి నుంచి వెనక్కి నెట్టిన సందర్భం ఇది.

దీనికి కనిపెట్టిన మొదటి ఉపాయం దొంగచాటుగా వినడం లాంటిది. ప్రోగ్రాము తెర మీద ఏదైనా గీయమని వ్యవస్థకు చెప్పిన ప్రతిసారీ స్క్రీన్ రీడర్ ఆ ఆదేశాన్ని మధ్యలో పట్టుకుని, ఏ మాట ఎక్కడ గీశారో తన దగ్గర ఒక పట్టీ రాసుకునేది. ఐబీఎంకు చెందిన రిచర్డ్ ష్వెర్డ్‌ట్‌ఫెగర్ 1991 డిసెంబరు బైట్ పత్రికలో ఈ పద్ధతిని వివరించారు. పనితనం గొప్పదే, కాని ఆ పట్టీలో మాటలు, వాటి స్థానాలే ఎక్కువ. "అవును" అనే మాట ఏ ప్రశ్నకు జవాబో, ఏ పెట్టెలో ఉందో ఊహించుకోవలసిందే. అంటే పిల్లలు దొరికారు, తల్లులు దొరకలేదు.

విండోస్‌కు తనదైన వృక్షం ఒకటి ఉండేది కదా అని మీరు అడగవచ్చు. ఉండేది. ప్రతి విండోకూ ఒక గుర్తింపు సంఖ్య, దాని కింద పిల్ల విండోలు, వాటిని వరుసగా చూపించే ఆదేశాలు అన్నీ ఉన్నాయి. అయితే అది ప్రోగ్రామర్ల సౌకర్యానికి పుట్టిన వృక్షం. అందులో "తల్లిని చెప్పు" అనే గెట్‌పేరెంట్ ఆదేశం కొన్నిసార్లు తల్లిని, మరికొన్నిసార్లు యజమాని విండోను ఇస్తుంది. కన్నవారికీ సాకినవారికీ ఒకే పిలుపు అన్నమాట! అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి. పది బటన్లున్న టూల్‌బార్ ఈ వృక్షంలో ఒకే విండోగా ఉంటుంది. లోపలి బటన్లను ఆ టూల్‌బార్ తానే గీసుకుంటుంది కాబట్టి అవి వంశంలోకి రావు.

అడిగితే చెప్పే వృక్షం

విండోస్ 95 వచ్చే నాటికి నిరసన పెరిగింది. అంధ ఉద్యోగులు వాడలేని వ్యవస్థను కొనబోమని మసాచుసెట్స్ రాష్ట్రం మైక్రోసాఫ్ట్‌ను హెచ్చరించింది. ఆ తరువాత 1997లో మైక్రోసాఫ్ట్ యాక్టివ్ యాక్సెసిబిలిటీ వచ్చింది. ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు ఇదేనని నా అభిప్రాయం. ఎందుకంటే బాధ్యత చేతులు మారింది. అంతవరకు వినేవాడు ఊహించేవాడు, ఇకమీద ప్రోగ్రామే చెప్పాలి. నీ పేరేమిటి, నీ పాత్ర ఏమిటి, నీ తల్లి ఎవరు, నీకు పిల్లలెందరు అని స్క్రీన్ రీడర్ అడుగుతుంది, ప్రోగ్రాము జవాబిస్తుంది.

జవాబులు అన్నివేళలా సరిగా ఉండేవి కావు. ఈ పద్ధతిలో కొందరు పిల్లలు సొంత అస్తిత్వమున్న వస్తువులు. మరికొందరు తల్లి దగ్గర ఉండే వరుస సంఖ్యలు మాత్రమే. ఒక బటన్ నుంచి తల్లి దగ్గరకు వెళ్ళి, అక్కడి నుంచి మళ్ళీ కిందికి దిగితే ఆ బటన్ కనిపించకపోవడమూ జరిగేది.

2006 నవంబరులో డాట్‌నెట్ 3.0తో వచ్చిన యూఐ ఆటోమేషన్ ఈ లెక్కను చాలావరకు సరిచేసింది. ఇందులో వెతికేటప్పుడు పరిధి చెప్పాలి: నేరుగా పిల్లలలోనా, వారి సంతతి మొత్తంలోనా, లేక తనతో కలిపి మొత్తం ఉపవృక్షంలోనా అని. ఫైండ్‌ఫస్ట్ మొదట దొరికినదాన్ని, ఫైండ్‌ఆల్ దొరికినవన్నీ ఇస్తాయి. "తల్లి" అనే పరిధిని మాత్రం ఈ రెండూ ఒప్పుకోవు. పైకి వెళ్ళడానికి ట్రీవాకర్ అనే వేరే సాధనం ఉంది. ఊరి ఉదాహరణ ఇక్కడ గుర్తు చేసుకోండి. ఒక్కరే ఉన్నచోట వెతుకులాట ఎందుకు? అడిగితే సరిపోతుంది.

డెస్క్‌టాప్ మూలం దగ్గర నిలబడి సంతతి మొత్తంలో వెతకవద్దని మైక్రోసాఫ్టే హెచ్చరిస్తుంది. వేలకొద్దీ అంశాలను తడమవలసి వస్తుంది, ప్రోగ్రాము కూలిపోవచ్చు కూడా. మొదట మూలానికి నేరుగా పిల్లలైన విండోలలో కావలసినదాన్ని పట్టుకుని, ఆ తరువాత దాని లోపల వెతకాలి. ఒక్కొక్క ప్రశ్నా ఒక ప్రోగ్రాము నుంచి మరో ప్రోగ్రాములోకి దాటి వెళ్ళి రావాలి కాబట్టి ఆలస్యం పేరుకుంటుంది. కావలసిన వివరాలను ఒకేసారి తెచ్చి దగ్గర పెట్టుకునే ఏర్పాటు అందుకే వచ్చింది.

మరో విశేషం. ఒకే వృక్షాన్ని మూడు చూపులతో చూడవచ్చు: ఉన్నదున్నట్టుగా, నియంత్రణలు మాత్రమే, విషయం మాత్రమే. అలంకారం కోసం పెట్టిన చట్రం రెండో చూపులో మాయమైతే, దాని లోపలి బటన్‌కు అమ్మమ్మే తల్లి అవుతుంది. "ఈ బటన్ తల్లి ఎవరు?" అని పరీక్షలో అడిగితే "ఏ చూపులో?" అని మీరు ఎదురు ప్రశ్న వేయవచ్చు. నేనైతే మార్కులు వేస్తాను.

ఆపిల్, లినక్స్ ప్రపంచాలలోనూ ఇదే ఆలోచనతో వృక్షాలు ఏర్పడ్డాయి. సాఫ్ట్‌వేర్ పరీక్షించేవారు కూడా నేడు ఇవే వృక్షాలలో బటన్లను వెతికి యాంత్రికంగా నొక్కిస్తారు. అంధుల కోసం వేసిన బాట మీద పరిశ్రమ బండి నడుపుకుంటోంది.

పిల్లల సంఖ్య: సున్న

కొన్నేళ్ళ క్రితం చూపు లేని ఒక డిగ్రీ విద్యార్థి నా దగ్గరకు వచ్చాడు. ఒక సంస్థలో డేటా ఎంట్రీ ఉద్యోగానికి పరీక్ష రాయాలి. అభ్యాసం కోసం ఆ పరీక్ష సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. తెరిస్తే స్క్రీన్ రీడర్ "పేన్" అని ఒక్క మాట పలికి ఊరుకుంది. నేను ఇన్‌స్పెక్ట్ అనే పరికరంతో వృక్షాన్ని తెరిచి చూశాను. నా కంటికి పదిహేను పెట్టెలు, రెండు బటన్లు కనబడుతున్నాయి. వృక్షంలో మాత్రం ఒక తల్లి ఉంది, పిల్లలు ఎవరూ లేరు. రాసినవారు అన్నిటినీ బొమ్మగా గీసి, వంశంలో నమోదు చేయలేదు. సంస్థకు ఉత్తరం రాశాం. పరీక్ష తేదీ దాటిపోయాక జవాబు వచ్చింది. టైపింగ్‌లో అతని వేగం నాకన్నా ఎక్కువ.

మీరే చేసి చూడండి

2006లో మైఖేల్ కర్రన్ అనే అంధ యువకుడు ఆస్ట్రేలియాలో ప్రారంభించిన ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని మీ కంప్యూటర్‌లో పెట్టుకుని కాలిక్యులేటర్ తెరవండి. కుడివైపు అంకెల మీటలలో నమ్‌లాక్ ఆపి, ఇన్సర్ట్ మీట నొక్కిపెట్టి 8 నొక్కితే తల్లి దగ్గరకు, 2 నొక్కితే మొదటి పిల్ల దగ్గరకు, 4, 6 నొక్కితే అటూ ఇటూ ఉన్న తోబుట్టువుల దగ్గరకు వెళతారు. ఇప్పుడు తెరను ఆర్పేసి, ఏడు అంకె బటన్‌ను ఈ నాలుగు మీటలతోనే వెతకండి. ఎన్నిసార్లు నొక్కవలసి వచ్చిందో మీ నోటు పుస్తకంలో రాసి, తరువాతి సంపర్క తరగతికి తీసుకురండి.