వంగదేశపు ఇంటిపేరు – తెలుగింటి బిడ్డపేరు

భారతదేశంలో వ్యక్తినామాల నిర్మాణం ప్రాంతానికొక తీరుగా ఉంటుంది. వంగదేశంలో వంశనామం చివర నిలుస్తుంది. తెలుగునాట ఇంటిపేరు ముందుండి, పిలిచే పేరు చివర వస్తుంది. ఈ వ్యత్యాసం ఒక బెంగాలీ వంశనామానికి తెలుగు కుటుంబాలలో మగపిల్లల పేరుగా స్థానం కల్పించింది. ఆ పేరు ‘బోస్’.

‘బోస్’ సంస్కృత ‘వసు’ శబ్దానికి పరిణత రూపం. వసువంటే ధనం, అష్టవసువులనే దేవతాగణానికీ అదే పేరు. బెంగాలీ ఉచ్చారణలో వకారం బకారమై, తొలి అకారం ఓకారపు ఛాయ పొంది, క్రమంగా ‘బోస్’ అయింది. నిజానికి ఈ మాట తెలుగువారికి పాత చుట్టమే. 16వ శతాబ్దంలో రామరాజభూషణుడు రచించిన ‘వసుచరిత్రము’లో కథానాయకుడు వసురాజు. ఒకే శబ్దం కావ్యమార్గాన ఒకసారి, జాతీయోద్యమ మార్గాన మరొకసారి మన భాషలోకి ప్రవేశించిందన్నమాట. అయితే బిడ్డకు బోస్ అని పేరు పెట్టిన తల్లిదండ్రులు వ్యుత్పత్తిని విచారించలేదు. వారి మనసులో ఉన్నది 1897 జనవరి 23న కటకంలో జన్మించిన సుభాష్ చంద్ర బోస్ మూర్తి.

దేశనాయకుల నామధేయాలను సంపూర్ణంగా స్వీకరించే ఆచారం అంతకుముందే ఉంది. లోకమాన్య తిలక్ 1920 ఆగస్టు 1న పరమపదించారు. సరిగ్గా ఏడాదికి, 1921 ఆగస్టు 1న జన్మించిన ఒక శిశువు దేవరకొండ బాలగంగాధర తిలక్‌గా తెలుగు కవిత్వంలో చిరస్మరణీయుడయ్యాడు. ఆ పేరులో ‘బాల’ లోకమాన్యుని ముద్దుపేరు, ‘గంగాధర’ ఆయన తండ్రిపేరు, ‘తిలక్’ వంశనామం. ఆ మూడూ కలిసి, ‘దేవరకొండ’ అనే ఇంటిపేరు వెనుక, ఒకే వ్యక్తినామంగా ఒదిగిపోయాయి. బోస్ విషయంలో తెలుగువారు మరొక అడుగు ముందుకు వేశారు. ‘సుభాష్ చంద్ర’ నుండి ‘చంద్ర’ను విడదీసి వంశనామానికి జోడించి, ‘చంద్రబోస్’ అనే కొత్త పేరును సృష్టించుకున్నారు. ‘బోసుబాబు’ కూడా ఇటువంటిదే.

ఈ ఆదరణలో ఒక విశేషం గమనార్హం. 1939 జనవరిలో జరిగిన కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో సుభాష్ బాబు ఓడించింది తెలుగు నాయకుడు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారిని. ఆధిక్యం 200 ఓట్లకు పైగా. పట్టాభిగారి ఓటమి తన ఓటమేనని గాంధీజీ ప్రకటించారు. అయినా ఆ పోటీ తెలుగువారికి బోస్ పట్ల అభిమానాన్ని తగ్గించలేదు. 1943లో జర్మనీ నుండి జలాంతర్గామిలో సాగిన ఆయన సాహసయాత్రలో తోడున్న ఏకైక భారతీయుడు హైదరాబాదు వాసి ఆబిద్ హసన్. 1945లో నేతాజీ మరణవార్త, ఆ వెంటనే ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులపై విచారణ దేశమంతటా ఆయన పేరును ఇంటింటి మాట చేశాయి.

ఈ నామస్వీకారంలో సామాజికార్థం కూడా ఉంది. బెంగాల్‌లో బోస్ అనగానే కులీన కాయస్థ వంశం స్ఫురిస్తుంది. ఆ మాట తెలుగునాట వ్యక్తినామమైన క్షణంలోనే ఆ కులసూచనను కోల్పోయింది. అక్కడ పుట్టుకతో మాత్రమే లభించే పేరును ఇక్కడ ఏ కులం తల్లిదండ్రులైనా తమ బిడ్డకు ఇచ్చుకోగలిగారు. అయితే ఈ విముక్తి సంపూర్ణమని చెప్పలేము. పేరుకు ముందు నిలిచిన తెలుగు ఇంటిపేరు పలుచోట్ల వంశాన్నీ, కులాన్నీ చెబుతూనే ఉంది.

2023లో ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ పురస్కారం స్వీకరించిన గీత రచయిత చంద్రబోస్ ఇంటిపేరు కనుకుంట్ల. ఈ సంప్రదాయం తెలియనివారు చివరి మాటను చూసి ఆయనను బెంగాలీగా భావిస్తే ఆశ్చర్యం లేదు. పేరులోని చివరి మాటనే వంశనామంగా నమోదు చేసే పత్రాలు ఎందరో తెలుగు బోసులను ఇలాగే తికమక పెడతాయి. వ్యక్తుల పేర్లను నమోదు చేసేవారు ప్రాంతీయ సంప్రదాయాన్ని తెలుసుకోవడం అందుకే అవసరం. ఒక ప్రాంతపు ఇంటిపేరును మరొక ప్రాంతం కన్నబిడ్డ పేరుగా పిలుచుకోవడం జాతీయ సమైక్యతకు ఏ ప్రకటనా అవసరం లేని నిదర్శనం.