సముద్రంలో 61 రోజులు.. సాగర్‌లో 2 నెలలు.. చేపల వేట ఎందుకు ఆపుతారు?

ఏప్రిల్ 15 వచ్చిందంటే ఏపీ తీరంలో మరబోట్లు ఒడ్డుకు చేరతాయి. జూన్ 14 దాకా వేట బంద్. మరి తీరమే లేని పల్నాడు జిల్లా సంగతేంటి? ఇక్కడా నిషేధం ఉంది.. కాకపోతే వానాకాలంలో. నాగార్జునసాగర్, పులిచింతల లాంటి రిజర్వాయర్లలో సాధారణంగా జులై, ఆగస్టు నెలల్లో వేట ఆపుతారు.

అప్పుడే ఎందుకు?

బొచ్చె, రోహు, వాలుగ లాంటి చేపలు కొత్త నీరు రాగానే గుడ్లు పెడతాయి. కిలో బరువున్న ఆడ రోహు కడుపులో లక్షకు పైగా గుడ్లు ఉంటాయి. అలాంటి చేప వలలో పడితే పోయేది ఒక్క చేప కాదు.. వచ్చే ఏడాది పంట.

150 ఏళ్ల పంచాయితీ

ఈ చర్చ బ్రిటిష్ కాలం నాటిది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1873లో మంచినీటి చేపలపై నివేదిక ఇచ్చారు. చిన్న కళ్ల వలలతో పిల్ల చేపలను ఊడ్చేస్తున్నారని హెచ్చరించారు. ఆంక్షలు పెడితే పేదల తిండి, బతుకుదెరువు ఏమవుతాయన్నది అవతలి వాదన. చివరికి 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. డైనమైట్, విషంతో చేపలు పట్టడం నేరమైంది. ఎంపిక చేసిన జలాల్లో రెండేళ్ల వరకు వేట ఆపే అధికారం కూడా ప్రభుత్వాలకు దక్కింది.

సముద్రంలో గొడవ మరోలా సాగింది. కేరళలో నాటు పడవల వాళ్లు, ట్రాలర్ల యజమానులు ఏళ్ల తరబడి తలపడ్డారు. 1988లో అక్కడ వానాకాలపు ట్రాలింగ్ నిషేధం మొదలైంది. 1994లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తూర్పు తీరంలో 47 రోజులుగా ఉన్న నిషేధం 2015లో 61 రోజులైంది.

హేచరీలున్నా నిషేధమా?

1957లో హీరాలాల్ చౌధురి ఇంజెక్షన్‌తో కార్ప్ చేపలు గుడ్లు పెట్టేలా చేశారు. అప్పటి నుంచి హేచరీ పిల్లలను రిజర్వాయర్లలో వదలడం పెరిగింది. పిల్లలు హేచరీ నుంచి వస్తుంటే వేట ఆపడం దేనికన్న ప్రశ్న సహజం. అయితే వాలుగ, జెల్ల లాంటివి ఎక్కువగా నీటిలో సొంతంగానే పెరగాలి. వాటికి ఆ రెండు నెలలే ఆధారం.

మరి పూట గడిచేదెలా?

అసలు చిక్కు ఇక్కడే. సముద్ర మత్స్యకారులకు నిషేధ కాలపు భృతి ఉంది. 2019లో రూ.10 వేలు చేశారు, 2025లో రూ.20 వేలకు పెంచారు. నదులు, రిజర్వాయర్లపై బతికేవాళ్లు ఆ పథకంలో లేరు. అంటే సాగర్‌లో వల పక్కన పెట్టిన కుటుంబం ఆ రెండు నెలలూ కూలి పనికో, అప్పుకో వెళ్లాల్సిందే. చేపకు విరామం కావాలన్న విషయంలో పెద్దగా తగాదా లేదు.. ఆ విరామం ఖర్చు ఎవరు భరించాలన్నదే 150 ఏళ్లుగా తేలలేదు.