జెట్ ఇంజన్ చరిత్రలో కంచన్‌బాగ్ లోహశాస్త్రం

జెట్ ఇంజన్ సూత్రం సరళమైనదే: ముందు నుంచి పీల్చుకున్న గాలిని కంప్రెసర్ అధిక పీడనానికి నొక్కి దహన గదిలోకి పంపగా, అక్కడ ఇంధనం మండి పుట్టిన వాయువులు టర్బైన్ అనే రెక్కల చక్రాన్ని తిప్పి, వెనుక నాళం గుండా మహావేగంతో వెలువడుతూ విమానాన్ని ముందుకు నెడతాయి. బ్రిటన్‌లో ఫ్రాంక్ విటిల్ 1930లో దీని పేటెంటుకు దరఖాస్తు చేసి, 1937 ఏప్రిల్ 12న తన ఇంజన్‌ను నేల మీద నడిపించాడు. జర్మనీలో హాన్స్ ఫాన్ ఓహైన్ ఇంజన్‌తో హైంకెల్ విమానం 1939 ఆగస్టు 27న గాలిలోకి లేచింది.

సూత్రం కన్నా, ఆ తీవ్రమైన వేడిని తట్టుకునే లోహమే వారిని ఎక్కువగా కష్టపెట్టింది. యుద్ధకాలపు జర్మనీలో నికెల్, క్రోమియం కరవై యుంకర్స్ ఇంజన్లు కొద్ది గంటల వాడకానికే మరమ్మతుకు రాగా, బ్రిటన్ నికెల్ ప్రధానంగా గల నిమోనిక్ అనే మిశ్రలోహంతో ఆ చిక్కును చాలావరకు దాటింది.

భారతదేశంలో ఈ పోరాటానికి హైదరాబాద్ ముఖ్య కేంద్రమైంది. 1963లో ఏర్పడిన రక్షణ లోహ పరిశోధనాలయం, 1973లో దాని పొరుగునే కంచన్‌బాగ్‌లో స్థాపితమైన మిశ్ర ధాతు నిగమ్ కలిసి నికెల్, టైటానియం మిశ్రలోహాలను దేశంలోనే తయారుచేసే దారి వేశాయి. 1989లో మంజూరైన కావేరి అనే స్వదేశీ జెట్ ఇంజన్ కోసం ఈ పరిశోధనాలయం, లోహం ఒకే దిశలో గడ్డకట్టేలా టర్బైన్ బ్లేడ్లను పోతపోసింది.

తర్వాతి మెట్టు ఏకస్ఫటిక బ్లేడు. మామూలు పోతలో లోహం అసంఖ్యాకమైన రేణువులుగా గడ్డకడుతుంది; తీవ్రమైన వేడిలో, తిరుగుడు వల్ల కలిగే లాగుడుకు బ్లేడు ఆ రేణువుల సరిహద్దుల వద్దే మొదట బలహీనపడుతుంది. అందుకే మైనపు నమూనా చుట్టూ పింగాణీ అచ్చు కట్టి, మైనాన్ని కరిగించి తీసేసి, శూన్యంలో కరిగిన లోహాన్ని పోసి, అచ్చును కొలిమి నుంచి నెమ్మదిగా దించుతారు. అడుగున ఉండే మెలికల దారి ఒక్క రేణువునే పైకి సాగనిస్తుంది కనుక బ్లేడంతా ఒకే స్ఫటికమవుతుంది. 1500 డిగ్రీల సెల్సియస్‌కు మించిన ద్రవలోహాన్ని తట్టుకునే అచ్చులను రూపొందించిన ఈ పరిశోధనాలయం, 2021లో హెలికాప్టర్ ఇంజన్ కోసం 60 ఏకస్ఫటిక బ్లేడ్లను హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు అందించింది.

కావేరి ఇంజన్ మాత్రం భారత యుద్ధవిమానం తేజస్‌కు అమరలేదు. ఆ యుద్ధవిమానం అమెరికన్ ఇంజన్‌తోనే ఎగురుతోంది. అయినా పరాయి దేశాలు తేలికగా పంచుకోని ఈ లోహవిద్యను దశాబ్దాల ఓర్పుతో సాధించిన కంచన్‌బాగ్ కృషి లేకుండా స్వదేశీ జెట్ ఇంజన్ సాధ్యం కాదు.