కుదుపుల్లో నిలబడి పనిచేసేవాళ్లు

2024 మే 21. లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం మయన్మార్‌లోని ఐరావతి పరీవాహక ప్రాంతం మీదుగా 37,000 అడుగుల ఎత్తున సాగుతోంది. లోపల 211 మంది ప్రయాణికులు, 18 మంది సిబ్బంది ఉన్నారు. టిఫిన్లు అందిస్తున్న వేళ విమానం సన్నగా వణకడం మొదలైంది. సీటుబెల్టు దీపం వెలిగిందని ఓ పైలట్ అన్న మాట రికార్డయింది. ఆ మాటకూ అసలు కుదుపుకూ మధ్య దొరికిన వ్యవధి ఎనిమిది సెకన్లు.

కూర్చున్న మనిషికి బెల్టు బిగించుకోవడానికి ఎనిమిది సెకన్లు చాలు. నడవలో ట్రాలీ వెనక నిలబడి, చేతిలో వేడి కాఫీ కూజా పట్టుకున్న మనిషి సంగతేమిటి? కూజాను ఎక్కడో ఒకచోట కుదురుగా పెట్టాలి. ట్రాలీ బ్రేకు తొక్కాలి. వీలైతే దాన్ని వెనక్కి తోసుకెళ్లి వంటగదిలో గొళ్లెం వేయాలి. దారిలో బెల్టు పెట్టుకోకుండా నిద్రపోతున్న వాళ్లను తట్టి లేపాలి. ఇవన్నీ అయ్యాక తన మడత సీటు (జంప్ సీటు) దించుకుని, కూర్చుని, భుజాల మీదుగా పట్టీలు వేసుకోవాలి. నిండు ట్రాలీతో ఇది ఎనిమిది సెకన్లలో తెమిలే పని కాదు.

నేల మీద నిలబడ్డప్పుడు మన ఒంటి మీద పనిచేసే గురుత్వ బలాన్ని 1 అనుకుందాం. ఆ విమానంలో 0.6 సెకన్లలో అది 1.35 నుంచి మైనస్ 1.5కి పడిపోయిందని సింగపూర్ దర్యాప్తు అధికారులు తేల్చారు. అంటే విమానం కిందికి జారిన వేగాన్ని లోపలి మనుషులు అందుకోలేకపోయారు. బెల్టు లేనివాళ్ల నెత్తిన కప్పు వచ్చి కొట్టుకుంది. మరో నాలుగు సెకన్లలో బలం ప్లస్ 1.5కి చేరింది. పైకి లేచినవాళ్లు సీట్ల చేతుల మీద, నేల మీద వచ్చి పడ్డారు. ఇంతా చేసి విమానం దిగిన ఎత్తు 178 అడుగులే. బ్యాంకాక్‌కు మళ్లించేసరికి ఒక ప్రయాణికుడి ప్రాణం పోయింది. పదుల సంఖ్యలో జనం ఆస్పత్రుల పాలయ్యారు.

విమాన ప్రమాదాల చరిత్ర రాసినవాళ్లు రెక్కల గురించి, ఇంజన్ల గురించి, రాడార్ల గురించి బోలెడు రాశారు. గాలి కుదుపుల కథలో మాత్రం అసలు పాత్ర ట్రాలీ వెనక నిలబడ్డ మనిషిదే అని నా నమ్మకం. ఆ మనిషి విమానంలోకి వచ్చిందే కుదుపుల కారణంగా.

1930 మే 15న అమెరికాలో బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ విమానం కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నుంచి షికాగోకి బయల్దేరింది. పద్నాలుగు మంది ప్రయాణికులు, దారిలో పదమూడు మజిలీలు, ఇరవై గంటల ప్రయాణం. అందులో ఎలెన్ చర్చ్ అనే నర్సు ఎక్కింది. ఆమె విమానం నడపడమూ నేర్చుకున్న మనిషి. ఆడవాళ్లకు పైలట్ ఉద్యోగం ఇవ్వరని తేలిపోయాక ఆమె కంపెనీ ముందు ఇంకో మాట పెట్టింది: నర్సులను విమానంలో పెట్టండి, జనానికి భయం పోతుంది. కంపెనీ మూడు నెలలు పరీక్షించి చూద్దామని ఎనిమిది మంది నర్సులను తీసుకుంది. ప్రపంచంలో తొలి ఎయిర్‌హోస్టెస్‌లు వాళ్లే.

అప్పటి విమానాల్లో గాలి పీడనం నిలిపి ఉంచే ఏర్పాటు లేదు. మబ్బులు దాటి పైకి పోయే వీలూ లేదు. తక్కువ ఎత్తులో, ఎండకు వేడెక్కిన నేల నుంచి లేచే గాలిలో ఎగిరేవి. కడుపులో తిప్పి వాంతులు చేసుకోని ప్రయాణికుడు అరుదు. నర్సు అవసరం అక్కడే వచ్చింది. ఆ నర్సుల డ్యూటీలో ఒక పని చూస్తే ఆ కాలం కళ్లకు కడుతుంది: బయల్దేరే ముందు పేము కుర్చీలు నేలకు గట్టిగా బిగించి ఉన్నాయో లేదో పరీక్షించడం. వాతావరణం బాగాలేక విమానం మధ్యలో ఎక్కడైనా దిగిపోతే ప్రయాణికులను రైలెక్కించాలి కాబట్టి రైళ్ల టైంటేబుల్ కూడా వెంట ఉంచుకునేవారు. ఈ పనులన్నీ చేయాల్సిన మనిషికి పెళ్లి కాకూడదని, వయసు 25 దాటకూడదని, బరువు 115 పౌండ్లు, అంటే 52 కిలోలు, మించకూడదని నిబంధనలు పెట్టారు.

రెండో ప్రపంచయుద్ధంలో నర్సులందరూ సైన్యానికి కావలసి వచ్చారు. నర్సు అర్హత అలా పోయింది. పెళ్లి, వయసు, బరువు నిబంధనలు మాత్రం ఉండిపోయాయి. యుద్ధం ముగిశాక విమానయాన కంపెనీలు వీళ్లను పోస్టర్ల మీదికి ఎక్కించాయి. ప్రాణం కాపాడటానికి పెట్టిన ఉద్యోగం చిరునవ్వు ఉద్యోగంగా జనం మనసుల్లో స్థిరపడిపోయింది. మన దేశంలోనూ అంతే. మొదటి గర్భం రాగానే ఎయిర్ ఇండియా ఎయిర్‌హోస్టెస్‌ను ఉద్యోగం నుంచి తీసేయవచ్చన్న నిబంధనను సుప్రీంకోర్టు 1981లో నర్గేష్ మీర్జా కేసులో కొట్టేసింది. చేరిన నాలుగేళ్ల లోపు పెళ్లి చేసుకోకూడదన్న నిబంధనను అదే తీర్పు నిలబెట్టింది. ఇది జరిగి యాభై ఏళ్లు కూడా కాలేదు.

ఈలోగా విమానాలు పైకెక్కాయి. 1940లో పీడనం నిలుపుకునే బోయింగ్ స్ట్రాటోలైనర్ వచ్చింది. 1952లో కామెట్, 1958లో పాన్ ఆమ్ వారి బోయింగ్ 707 జెట్ యుగాన్ని మొదలుపెట్టాయి. మబ్బుల పైకి పోతే కుదుపులుండవని అనుకున్నారు. అక్కడ ఇంకో గాలి కాచుకుని ఉంది.

దాన్ని అంతకు ఎంతో ముందే కనిపెట్టిన మనిషి వాసబురో ఓయిషి అనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త. 1920లలో తాతెనో పరిశీలన కేంద్రం నుంచి బెలూన్లు వదిలి, అవి కొట్టుకుపోయే తీరును బట్టి, ఆకాశం ఎత్తుల్లో పడమర నుంచి తూర్పుకు మహావేగంతో గాలి నది ఒకటి పారుతోందని తేల్చాడు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో 1926లో ఆ నివేదికను ఎస్పెరాంటో భాషలో అచ్చువేశాడు. పట్టించుకున్నవాళ్లు లేరు. 1944లో అమెరికా బి-29 బాంబర్లు జపాన్ మీదికి వెళ్లి ఎదురుగాలికి నిలిచిపోయినంత పనయ్యాక గానీ జెట్ ప్రవాహం లోకానికి ఎరుక కాలేదు. ఆ ప్రవాహం అంచుల్లో పక్కపక్కనే పారే గాలి పొరల వేగాల మధ్య తేడా హెచ్చుగా ఉంటుంది. అక్కడ సుడులు పుడతాయి. రాడార్ నీటి చుక్కలను చూస్తుంది, గాలిని చూడలేదు. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, పైలట్‌కు ముందు ఏమీ కనిపించదు. దీన్నే క్లియర్ ఎయిర్ టర్బులెన్స్ అంటారు.

1966 మార్చి 5న టోక్యో హనేడా నుంచి హాంకాంగ్‌కు బయల్దేరిన బ్రిటిష్ విమాన సంస్థ బి.ఓ.ఎ.సి. వారి బోయింగ్ 707 ముందురోజు రాత్రి కూలిన కెనడా విమానం శకలాల పక్కనుంచే రన్‌వే మీదికి వెళ్లింది. ఆకాశం తేటగా ఉంది. విమానం ఫ్యూజీ పర్వతం దగ్గరికి వచ్చింది. ఏట్లో బండరాయిని దాటిన నీరు అవతల సుడులు తిరిగినట్టే, బలమైన గాలి కొండను దాటాక అవతలి వైపు అలలై విరుచుకుపడుతుంది. ఆ అలల్లో చిక్కి 707 గాల్లోనే ముక్కలైంది. 124 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఓ ప్రయాణికుడు కిటికీలోంచి తీస్తూ వచ్చిన 8 ఎం.ఎం. ఫిల్ము శకలాల్లో దొరికి, దర్యాప్తుకు సాక్ష్యమైంది. 1963లో మయామి దగ్గర ఉరుముల మబ్బుల్లో మరో విమానం ఇలాగే పోయింది.

ఇలాంటి ప్రమాదాల నుంచి ఇంజనీర్లు, పైలట్లు చాలా నేర్చుకున్నారు. కుదుపుల్లో ఏ వేగంతో పోవాలో, విమానంతో ఎంతకు మించి పెనుగులాడకూడదో నేర్పడం ఇప్పుడు శిక్షణలో భాగం. కుదుపులకు పెద్ద విమానం విరిగిపోవడం నేడు దాదాపు లేనే లేదు. విమానాన్ని కాపాడుకోవడం వచ్చింది, అందులో నిలబడ్డ మనిషిని కాపాడుకోవడం ఇంకా రాలేదు. 1997 డిసెంబరు 28న టోక్యో నుంచి హొనొలులు వెళ్తున్న యునైటెడ్ 747 పసిఫిక్ మీద కుదుపుకు లోనై ఒక ప్రయాణికురాలు చనిపోయింది. ఆ విమానం మాత్రం క్షేమంగా వెనక్కి వచ్చి దిగింది.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ లెక్క ప్రకారం 2009 నుంచి 2022 వరకు ఆ దేశపు విమానాల్లో కుదుపులకు తీవ్రంగా గాయపడినవాళ్లు 163 మంది. వారిలో 129 మంది సిబ్బందే. ప్రతి అయిదుగురు క్షతగాత్రుల్లో దాదాపు నలుగురు! ప్రయాణికుల సంఖ్యతో పోలిస్తే సిబ్బంది పిడికెడు. కాలి చీలమండలు, వెన్నుపూసలు విరుగుతాయి, తలలు పగులుతాయి. విమానం తోక భాగం ఎక్కువగా ఊగుతుంది, వంటగది తరచూ అక్కడే ఉంటుంది. విమానం కిందికి దిగుతూ మబ్బుల్లోకి వచ్చే సమయంలోనే సిబ్బంది కప్పులు, ట్రేలు ఏరుకుంటూ తిరుగుతుంటారు. అందుకే దిగే సమయంలో వాళ్లను ముందుగానే కూర్చోబెట్టాలని అమెరికా రవాణా భద్రతా బోర్డు 2021లో సూచించింది.

మరి పనిలో వీళ్ల భద్రత ఎవరి బాధ్యత? ఫ్యాక్టరీ కార్మికుడికి వర్తించే రక్షణ చట్టాల అమలు అమెరికాలో ఒక శాఖ చూస్తుంది. విమానంలోని సిబ్బంది మా పరిధిలోకే వస్తారని 1975లో విమానయాన నియంత్రణ సంస్థ చెప్పుకుంది. ఆకాశంలో పనిచేసేవాళ్లకు ఆ కార్మిక శాఖ రక్షణ కొంతైనా దక్కింది 2013లో, అదీ శబ్దం, రసాయనాలు, రక్తం ద్వారా సోకే జబ్బుల వంటి కొన్ని విషయాల్లోనే. ముప్పై ఎనిమిదేళ్ల ఆ ఆలస్యం నాకు క్షమించదగినదిగా కనిపించదు.

మన దగ్గర 2022 మే 1న ముంబయి నుంచి దుర్గాపూర్ వెళ్తున్న స్పైస్‌జెట్ విమానం దిగే సమయంలో తీవ్రమైన కుదుపులకు గురైంది. బెంగాల్‌లో అది కాలవైశాఖి ఉరుముల వానల కాలం. ప్రయాణికులతో పాటు ముగ్గురు క్యాబిన్ సిబ్బంది గాయపడ్డారు. గాయపడిన ఒక ప్రయాణికుడు కొన్ని నెలల తర్వాత కన్నుమూశాడు.

ఇకముందు పరిస్థితి మెరుగయ్యే సూచనలు లేవు. ఉత్తర అట్లాంటిక్ మీద ఒక సగటు స్థానంలో ఏడాదికి 17.7 గంటలు ఉన్న తీవ్ర క్లియర్ ఎయిర్ టర్బులెన్స్ 1979 నుంచి 2020 నాటికి 27.4 గంటలకు పెరిగిందని బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ప్రకటించారు. 55 శాతం పెరుగుదల అది. భూమి వేడెక్కేకొద్దీ జెట్ ప్రవాహంలో గాలి పొరల వేగాల మధ్య తేడా పెరుగుతోంది. పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్లే మన పెద్దవాళ్ల దారుల్లో చాలావరకు ఆ సముద్రం మీదుగానే ఉన్నాయి.

కొన్ని కంపెనీలు కదిలాయి. 2024 ప్రమాదం తర్వాత సింగపూర్ ఎయిర్‌లైన్స్ బెల్టు దీపం వెలిగి ఉన్నంతసేపు వేడి పానీయాలే కాదు, భోజనం కూడా ఆపేసి సిబ్బందిని కూర్చోమంది. కొరియన్ ఎయిర్ సుదూర విమానాల్లో ఎకానమీ తరగతికి వేడినీళ్ల కప్పు నూడుల్స్ ఇవ్వడం మానేసింది. దిగడానికి 40 నిమిషాల ముందే క్యాబిన్ పనులు ముగించేలా వేళలు మార్చింది. నష్టమేమిటంటే టీ కాస్త ఆలస్యమవడం, నూడుల్స్ దొరకకపోవడం. మన విమానాల్లోనూ ఇలాంటి నియమాలు రావాలి. హైదరాబాద్ నుంచి విజయవాడకో, తిరుపతికో వెళ్లే గంటసేపటి విమానాల్లో పైకి ఎక్కడానికీ కిందికి దిగడానికీ మధ్య మిగిలే కొద్ది నిమిషాల్లోనే సిబ్బంది ట్రాలీ తిప్పి, అమ్మి, డబ్బు తీసుకుని, చెత్త ఏరాలి. ఆ హడావిడి తగ్గించే అధికారం కంపెనీలకూ మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకూ ఉంది.

మన చేతిలోనూ కొంత ఉంది. కూర్చున్నంతసేపూ, దీపం ఆరినా సరే, బెల్టు పెట్టుకోండి. నిద్రపోయేటప్పుడు దుప్పటి కప్పుకున్నాక దాని మీదుగా బెల్టు బిగించండి, మిమ్మల్ని లేపి అడగడానికి ఎవరూ నడవలో నిలబడాల్సిన పని ఉండదు. చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లిదండ్రులు వీలైతే బిడ్డకు వేరే సీటు, తగిన పట్టీ ఏర్పాటు చేసుకోండి. తొలిసారి విమానమెక్కే అమ్మకూ నాన్నకూ ఈ మాటలు ఇంటి దగ్గరే చెప్పి పంపండి. విమానం ఊగుతున్నప్పుడు మాత్రం మంచినీళ్ల కోసం కాల్ బటన్ నొక్కకండి. ట్రాలీ వెనక నిలబడ్డ మనిషిని కూర్చోనివ్వండి.